రీబూట్ చేసినా పోని ప్యాకేజీ లిస్టులు: డెబియన్ లైవ్ పర్సిస్టెన్స్‌తో ఎనిమిది నెలలు

నా లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోయి ఏడాది దాటింది. కొత్తది వేయించకుండా అప్పటి నుంచి పెన్‌డ్రైవ్ మీదే పని నెట్టుకొస్తున్నాను. స్కాన్ చేసిన పాత కాగితాలను చదవదగ్గ టెక్స్ట్‌గా మార్చడం నా పని. కొన్నిసార్లు నా లాప్‌టాప్ మీద, చాలాసార్లు ఎవరో ఇచ్చిన కంప్యూటర్ మీద కూర్చుని చేస్తాను. వాళ్ల డిస్క్‌ని ముట్టుకోకూడదు, నా సామాన్లు మాత్రం నాకు కావాలి. అందుకే లైవ్ లినక్స్, అంటే డిస్క్ మీద వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. మొదలుపెట్టింది లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12 లైవ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న ఇమేజ్ (ఐఎస్‌ఓ ఫైల్)తో. ఈ రివ్యూ మొత్తం డెబియన్ గురించి కాదు. రీబూట్ చేశాక ప్యాకేజీ లిస్టులు నిలబెట్టుకునే విషయంలో అందులోని పర్సిస్టెన్స్ (మిషన్ ఆపినా మార్పులను నిలిపి ఉంచే ఏర్పాటు) ఎంతవరకు పనికొస్తుందన్నదే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ప్యాకేజీ అంటే ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్ట. ప్యాకేజీ లిస్ట్ అంటే ఇద్దరు రెండు రకాలుగా అనుకుంటారు. ఒకటి, నేను వేసుకున్న ప్యాకేజీల పేర్లు. రెండోది, సర్వర్‌లో ఏయే ప్యాకేజీలు, ఏ వెర్షన్‌లో ఉన్నాయో చెప్పే పెద్ద జాబితా. ప్యాకేజీలను తెచ్చి వేసే ప్రోగ్రామ్ ఆప్ట్; దాని ఆప్ట్-గెట్ అప్‌డేట్ కమాండ్ కొట్టినప్పుడు దిగేది ఈ రెండోదే. అది /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ అనే డైరెక్టరీలో కూర్చుంటుంది. మొదటిది పోతే ఐదు నిమిషాల్లో గుర్తు తెచ్చుకుని రాసుకోవచ్చు. రెండోది పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేయడం తప్ప దారి లేదు. నా ఇబ్బంది అక్కడే మొదలైంది.

డెబియన్ 12 విడుదలైన రోజు, అంటే 2023 జూన్ 10న, అందులో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అన్నింటి పేర్లు, వెర్షన్లు, ఏది దేని మీద ఆధారపడుతుంది, ఫైల్ సైజు, చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసుకునే సంఖ్య), ఇవన్నీ ఒకే ఫైల్‌లో వస్తాయి. ప్రధాన జాబితా కంప్రెస్ చేసి కూడా దాదాపు 9 ఎంబీ. వివరణలున్న ట్రాన్స్‌లేషన్ ఫైల్ ఇంకో 6 ఎంబీ. మొత్తం సుమారు 15 ఎంబీ. మామూలు ఇన్‌స్టలేషన్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఒకసారి దిగాక అది డిస్క్ మీద ఉండిపోతుంది. లైవ్‌లో మాత్రం మిషన్ ఆపగానే పోతుంది. రోజుకు మూడు చోట్ల బూట్ చేస్తే 45 ఎంబీ. నెలలో పాతిక రోజులు పనిచేస్తే 1 జీబీ దాటుతుంది. ఇదంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద. ఇందులో ఒక్క ప్యాకేజీ కూడా లేదు, ఉత్త జాబితాకే ఇంత ఖర్చు.

డేటా ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ర్యామ్. నా లాప్‌టాప్‌లో ఉన్నది 2 జీబీ. లైవ్ సిస్టమ్‌లో మనం రాసే ప్రతి ఫైల్ ర్యామ్‌లోనే ఉంటుంది. ఐఎస్‌ఓ ఫైళ్ల మీద మన మార్పులను పరిచే ఓవర్లేలో పై పొర టీఎంపీఎఫ్‌ఎస్, అంటే ర్యామ్‌లో ఉండే ఫైల్ సిస్టమ్, దానికి మామూలుగా ర్యామ్‌లో సగమే దక్కుతుంది. 15 ఎంబీగా దిగిన ఆ లిస్టులు విప్పేసరికి 70 ఎంబీ దాటిపోతాయి. ఆపైన వాటిని వేగంగా చదవడానికి ఆప్ట్ తయారుచేసుకునే పీకేజీక్యాష్ ఫైళ్లు వేరే. బ్రౌజర్ తెరిచి, పక్కన ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రామ్) నడుపుతుంటే మౌస్ పాయింటర్ ఆగి ఆగి కదిలేది. లిస్టులు ర్యామ్‌లోంచి పెన్‌డ్రైవ్‌కి మారిన రోజు ఆ తేడా చేతికే తెలిసింది.

ఇక పర్సిస్టెన్స్ ఎలా పెట్టాలో చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో ఒక పార్టిషన్‌ని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, దానికి పర్సిస్టెన్స్ అని లేబుల్ పెట్టాలి. అందులో పర్సిస్టెన్స్ డాట్ కాన్ఫ్ అనే చిన్న ఫైల్ ఉండాలి. ఏయే డైరెక్టరీలు నిలవాలో అందులో లైన్‌కి ఒకటి చొప్పున రాయాలి. బూట్ మెనూలో ఇంగ్లీష్ ఈ (e) అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర పర్సిస్టెన్స్ అనే మాట చేర్చి ఎఫ్10 కొట్టాలి. అంతే. ఫ్యాట్ ఫార్మాట్ ఇక్కడ పనికిరాదు, అందులో ఫైళ్లకు ఓనర్ అనేదే ఉండదు.

ఆ మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఉబుంటులో అదే పనికి పర్సిస్టెంట్ అని రాస్తారు. డెబియన్‌లో పర్సిస్టెన్స్. పాత డెబియన్‌లోనూ పర్సిస్టెంట్ అనే ఉండేది, తర్వాత మార్చారు. తప్పు మాట రాస్తే ఎర్రర్ ఏమీ రాదు, సిస్టమ్ మామూలుగా బూట్ అయిపోతుంది. ఏదీ సేవ్ కావడం లేదన్న సంగతి మాత్రం తర్వాతి బూట్‌లోనే తెలుస్తుంది. నాకు మొదటి రెండు రోజులు దీంతోనే పోయాయి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని దిద్దిన పేజీలు ఆ రెండు రోజుల్లోనే పోయాయి. ఆ బాధ ఇంకా ఉంది. కాబట్టి ఎవరు మొదలుపెట్టినా ఒకటే చెబుతాను: బూట్ అయ్యాక ముందు హోమ్‌లో ఒక ఖాళీ ఫైల్ పెట్టి, రీబూట్ చేసి, అది ఉందో లేదో చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

మొదట్లో నేను చాలామంది చేసినట్టే చేశాను. కాన్ఫ్ ఫైల్‌లో ఒకే లైన్: రూట్ గుర్తు (/), పక్కన యూనియన్. అంటే సిస్టమ్ మొత్తంలో ఎక్కడ ఏది మారినా అది పెన్‌డ్రైవ్ మీదికి వెళ్తుంది. లిస్టులు నిలుస్తాయి, వేసుకున్న ప్యాకేజీలు నిలుస్తాయి, వాల్‌పేపర్ కూడా నిలుస్తుంది. వారం రోజులు చాలా హాయిగా అనిపించింది.

తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొదటిది వేగం. ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా వేసే డీపీకేజీ అనే ప్రోగ్రామ్ ఫైళ్లను విప్పేటప్పుడు అవి నిజంగా డిస్క్ మీదికి చేరాయని ఖాయం చేసుకుంటూ ముందుకి వెళ్తుంది. మంచి డిస్క్ మీద అది తెలియదు. సాధారణ పెన్‌డ్రైవ్ మీద చిన్న చిన్న ఫైళ్లు వందల్లో ఉన్న ప్యాకేజీ వేస్తే కళ్లప్పగించి చూస్తూ కూర్చోవాలి. ఫాంట్ల ప్యాకేజీ ఒకటి వేయడానికి పట్టిన సమయంలో నేను రెండు పేజీలు దిద్దేశాను. రెండోది పెన్‌డ్రైవ్ ఆయుష్షు. లాగ్‌లు, బ్రౌజర్ క్యాష్, తాత్కాలిక ఫైళ్లు, అన్నీ దాని మీదే రాస్తుంటే మూడో నెలలో నా పెన్‌డ్రైవ్ రాయడం మానేసి చదవడానికి మాత్రమే పనిచేసే స్థితికి వచ్చింది. అది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఏదైనా ఆ వాడకానికి తట్టుకోవడం కష్టమే.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. దీని గురించి ముందే తెలిసి ఉంటే నేను యూనియన్ జోలికే వెళ్లేవాణ్ణి కాదు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో వేసి ఉందో డీపీకేజీ ఒక స్టేటస్ ఫైల్‌లో రాసుకుంటుంది. యూనియన్‌లో ఒక్క ప్యాకేజీ వేసినా ఆ స్టేటస్ ఫైల్ కాపీ మొత్తం పెన్‌డ్రైవ్ పొరలోకి వచ్చేస్తుంది. రెండు నెలల తర్వాత డెబియన్ కొత్త పాయింట్ రిలీజ్ (అదే వెర్షన్‌కి సవరణలు కలిపిన విడుదల) ఇమేజ్ వచ్చిందని కింద ఉన్న ఐఎస్‌ఓ మార్చామనుకోండి. కింది పొరలో ఫైళ్లు కొత్తవి, పై పొరలో స్టేటస్ పాతది. పాత వెర్షన్లే ఉన్నాయని డీపీకేజీ నమ్ముతుంది, డిస్క్ మీద ఉన్నవి వేరు. ఇక ఆ తర్వాత ఆప్ట్ చెప్పే ఏ మాటనీ నమ్మడానికి లేదు. పైగా సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని అప్‌గ్రేడ్ చేసినా లాభం లేదు, బూట్ అయ్యేది ఐఎస్‌ఓలో ఉన్న పాత కెర్నలే.

అప్పుడు మొదటికి వచ్చి ఆలోచించాను. నిజంగా నాకు నిలవాల్సినవి ఏవి? నా ఫైళ్లు, ప్యాకేజీ లిస్టులు, దిగిన డెబ్ ఫైళ్లు (అంటే ప్యాకేజీల ఫైళ్లు). ఈ మూడే. సిస్టమ్ మళ్లీ మళ్లీ కొత్తగా పుట్టినా నాకేం నష్టం లేదు, అసలు లైవ్ వాడేదే అందుకు. కాన్ఫ్ ఫైల్‌లో యూనియన్ లైన్ తీసేసి మూడు లైన్లు రాశాను: /హోమ్, /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్, /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్. పక్కన ఏ ఆప్షనూ అక్కర్లేదు, ఏమీ రాయకపోతే బైండ్‌గా, అంటే ఆ డైరెక్టరీని నేరుగా పెన్‌డ్రైవ్‌కి ముడిపెట్టమన్నట్టుగా తీసుకుంటుంది. మొదటి బూట్‌లో ఆ డైరెక్టరీల్లో అప్పటికే ఉన్న సరుకును, దాని ఓనర్, పర్మిషన్లతో సహా పెన్‌డ్రైవ్‌కి తనే కాపీ చేసుకుంటుంది. ఈ పని ఎంత శుభ్రంగా చేస్తుందో చూసి ముచ్చటేసింది.

మూడో లైన్ చివర ఆర్కైవ్స్ అని ఉంది చూడండి, అది వదిలేయకండి. ఒక మెట్టు పైన ఉన్న క్యాష్ డైరెక్టరీ మొత్తం పెడితే ఇందాక చెప్పిన పీకేజీక్యాష్ ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌కి వెళ్తాయి. ఒక్కొక్కటీ పదుల ఎంబీలు. లిస్టులుంటే వాటిని ఆప్ట్ ఎప్పుడైనా కొత్తగా తయారుచేసుకుంటుంది, దాచాల్సిన పనిలేదు.

ఇలా మార్చాక మొదటిసారి అప్‌డేట్ కొట్టిన సంగతి చెప్పాలి. అంతకుముందు ప్రతి బూట్‌లోనూ లైన్లన్నీ గెట్, గెట్ అంటూ మొదలయ్యేవి, పక్కన ఎంబీలు కదులుతుండేవి. ఈసారి ప్రధాన జాబితా అయిన మెయిన్ పక్కన హిట్ (అంటే మారలేదు) అని వచ్చింది. సెక్యూరిటీ దగ్గర మాత్రం ఒక గెట్, అది కూడా కొన్ని వందల కేబీలే. నాలుగు సెకన్లలో ప్రాంప్ట్ తిరిగొచ్చేసింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థమయ్యాక ఆప్ట్ మీద నాకు గౌరవం పెరిగింది. ప్రతి రిపోజిటరీకీ (సర్వర్‌లోని ప్యాకేజీల భాండారానికీ) ఇన్‌రిలీజ్ అని సంతకం చేసిన చిన్న ఫైల్ ఒకటి ఉంటుంది. మిగతా అన్ని జాబితాల చెక్‌సమ్‌లు అందులో ఉంటాయి. మన దగ్గర పాతది ఉంటే, ఫలానా సమయం తర్వాత ఇది మారిందా అని ఆప్ట్ సర్వర్‌ని అడుగుతుంది. మారలేదంటే అక్కడితో ఆగిపోతుంది. మారితే అందులోని చెక్‌సమ్‌లు పోల్చి, మారిన జాబితాలు మాత్రమే తెస్తుంది. డెబియన్ స్టేబుల్ ప్రధాన జాబితా పాయింట్ రిలీజ్ వచ్చినప్పుడే మారుతుంది, అది దాదాపు రెండు నెలలకోసారి. తరచూ మారేది సెక్యూరిటీ జాబితా, అది చాలా చిన్నది. అంటే ఆ 9 ఎంబీ ఫైల్‌ని నేను రెండు నెలలకు ఒకసారి తెచ్చుకుంటే సరిపోయేది. రోజుకు మూడుసార్లు తెచ్చుకున్నాను.

ఇంకో లాభం నేను ముందు ఊహించనిది. నెట్ లేని చోట కూడా ఆప్ట్-క్యాష్ సెర్చ్ పనిచేస్తుంది. పీడీఎఫ్‌లోంచి పేజీలు విడదీయడానికి ఏ ప్యాకేజీ ఉందో, దానికి ఇంకేం కావాలో, ఎంత సైజో, అన్నీ నెట్ లేకుండానే చూసి కాగితం మీద రాసుకుంటాను. తర్వాత సిగ్నల్ దొరికిన చోట ఆ ఒక్కటే దించుకుంటాను. ఈ సౌకర్యం కోసమే ట్రాన్స్‌లేషన్ ఫైల్‌ని ఉంచుకున్నాను. వివరణలు అక్కర్లేదనుకునేవాళ్లు ఆప్ట్ సెట్టింగుల్లో లాంగ్వేజెస్ దగ్గర నన్ అని పెడితే ఆ 6 ఎంబీ కూడా మిగులుతుంది.

మూడు డైరెక్టరీల పద్ధతిలో ఒక పని పెరుగుతుంది. ప్యాకేజీలు ప్రతి బూట్‌లో మళ్లీ వేసుకోవాలి. విన్నప్పుడు పెద్ద భారంలా ఉంటుంది, నిజానికి కాదు. హోమ్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది, లైన్‌కి ఒక పేరు. టెసరాక్ట్-ఓసీఆర్, దాని తెలుగు డేటా టెసరాక్ట్-ఓసీఆర్-టెల్, ఫాంట్స్-టెలు, టైపింగ్ కోసం ఐబస్-ఎం17ఎన్, పీడీఎఫ్ పనులకు పాప్లర్-యుటిల్స్, ఇంకో నాలుగైదు. రెండు లైన్ల స్క్రిప్ట్ ఆ ఫైల్ చదివి ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్‌కి ఇస్తుంది, నో-డౌన్‌లోడ్ అనే ఆప్షన్‌తో. డెబ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోంచి చదువుతుంది, విప్పేది మాత్రం ర్యామ్‌లో. యూనియన్‌లో నిమిషాలు పట్టిన ఇన్‌స్టలేషన్ ఇక్కడ సెకన్లలో అయిపోతుంది. నేను కుర్చీ సర్దుకుని స్కానర్ కేబుల్ పెట్టేలోపు అన్నీ సిద్ధం.

ఈ స్క్రిప్ట్ మొదట్లో పనిచేయలేదు. ఆర్కైవ్స్ డైరెక్టరీ తెరిచి చూస్తే ఖాళీ. లిస్టులున్నాయి, డెబ్ ఫైళ్లు లేవు. పెన్‌డ్రైవ్‌ని అనుమానించాను, కాన్ఫ్ ఫైల్ పదిసార్లు చదివాను. కారణం చాలా చిన్నది: నేను వాడింది ఆప్ట్ ఇన్‌స్టాల్. ఆప్ట్ అనే కమాండ్ ఇన్‌స్టలేషన్ విజయవంతంగా ముగిశాక దించిన డెబ్ ఫైళ్లను తీసేస్తుంది. పాత ఆప్ట్-గెట్ అయితే ఉంచేస్తుంది. కీప్-డౌన్‌లోడెడ్-ప్యాకేజెస్ అనే సెట్టింగ్‌తో దీన్ని మార్చవచ్చు గానీ, ఆ సెట్టింగ్ సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో ఉంటుంది, ఈటీసీ నా దగ్గర నిలవదు. కాబట్టి ఆప్ట్-గెట్ అలవాటు చేసుకున్నాను.

ఇంకో విషయం నేర్చుకోవడానికి నాలుగు వారాలు పట్టింది. లిస్టులు, డెబ్ ఫైళ్లు జోడెద్దుల్లా కలిసి నడవాలి. ఒక రోజు సాయంత్రం పని ముగించి, అలవాటు కొద్దీ అప్‌డేట్ కొట్టి మూసేశాను. మర్నాడు నెట్ లేని చోట బూట్ చేస్తే స్క్రిప్ట్ ఆగిపోయింది. ఏమైందంటే, ఒక లైబ్రరీకి కొత్త సెక్యూరిటీ వెర్షన్ వచ్చిందని లిస్ట్ చెబుతోంది, నా దగ్గరున్న డెబ్ పాతది. ఆప్ట్‌కి కొత్తదే కావాలి, డౌన్‌లోడ్ చేయొద్దని నేనే చెప్పాను. ఎటూ కదల్లేదు. ఓసీఆర్ లేకుండా ఆ రోజంతా చేత్తో టైప్ చేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. వారానికి ఒక రోజు, నెట్ బాగా ఉన్న చోట, బూట్ అవ్వగానే ఇంకేమీ వేయకముందే అప్‌డేట్ కొడతాను. వెంటనే నో-డౌన్‌లోడ్ లేకుండా ఇన్‌స్టాల్ నడుపుతాను. మారిన డెబ్‌లు దిగుతాయి, లిస్టులూ డెబ్‌లూ మళ్లీ ఒక్క తాటి మీదికి వస్తాయి. మిగతా రోజుల్లో అప్‌డేట్ జోలికి వెళ్లను. ఇన్‌స్టాల్ చేశాక కాకుండా ముందే ఎందుకంటే, సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడే ఏమేం కావాలో ఆప్ట్ పూర్తిగా లెక్కవేస్తుంది. అప్పటికే వేసేసి ఉంటే పాత లైబ్రరీతోనే సరిపెట్టుకుని కొత్తది దించకుండా వదిలేయవచ్చు, ఆ లోటు తర్వాతి బూట్‌లో బయటపడుతుంది. బ్రౌజర్ ఐఎస్‌ఓతోనే వచ్చినా, ఫైర్‌ఫాక్స్-ఈఎస్‌ఆర్ పేరు కూడా నా ఫైల్‌లో చేర్చాను. పేరు చెప్పి ఇన్‌స్టాల్ అడిగితే, ఉన్నదాన్ని కొత్త వెర్షన్‌కి మారుస్తుంది. ఇంటర్నెట్‌కి తలుపు తెరిచేది అదే కాబట్టి అది పాతబడకూడదు.

మధ్యలో ఎప్పుడైనా కొత్త ప్యాకేజీ కావాల్సి వచ్చి, సర్వర్ 404 అంటే కంగారు పడకండి. మన లిస్ట్‌లో ఉన్న వెర్షన్ సర్వర్‌లో లేదని, దాని స్థానంలో కొత్తది వచ్చిందని అర్థం. ఆ రోజునే వారపు అప్‌డేట్ రోజు చేసుకుంటే సరి.

తారీఖు సంగతి కూడా చెప్పాలి. నా లాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయింది, కరెంట్ తీస్తే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు అప్‌డేట్ కొడితే, రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఆప్ట్ తిరస్కరిస్తుంది. మొదటిసారి చూసి లిస్టులు పాడయ్యాయనుకుని అన్నీ తుడిచేశాను, అనవసరంగా 15 ఎంబీ మళ్లీ దించాను. తారీఖు సరిచేస్తే చాలు. నిజంగా పాడవడం ఎలా ఉంటుందో కూడా చూశాను. షట్‌డౌన్ పూర్తి కాకముందే పెన్‌డ్రైవ్ లాగేశాను. తర్వాతి బూట్‌లో ప్యాకేజీ లిస్టులను చదవలేకపోతున్నానని ఎర్రర్. అప్పుడు మాత్రం లిస్ట్స్ డైరెక్టరీలో ఉన్నదంతా తుడిచి అప్‌డేట్ కొట్టడమే మందు. స్నేహితుడి మిషన్ నుంచి లిస్టులు కాపీ చేసుకునేవాళ్లు ఓనర్, పర్మిషన్లు చెడిపోకుండా కాపీ చేయాలి. ఆప్ట్ డౌన్‌లోడ్ పనిని _ఆప్ట్ అనే వేరే యూజర్‌తో చేయిస్తుంది, లోపలి పార్షియల్ డైరెక్టరీ ఆ యూజర్‌దే అయి ఉండాలి.

భద్రత గురించి రెండు మాటలు. ఇన్‌రిలీజ్ మీద సంతకాన్ని ఆప్ట్ సరిచూసేది అప్‌డేట్ సమయంలో. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ మీద కూర్చున్న లిస్టులను అది నమ్మేస్తుంది. అంటే నా పెన్‌డ్రైవ్ ఎవరి చేతికైనా చిక్కి, వాళ్లు లిస్టూ డెబ్బూ రెండూ మార్చి పెడితే నాకు తెలియకపోవచ్చు. నలుగురి మధ్య తిరిగే పెన్‌డ్రైవ్ కాబట్టి ఈ ఆలోచన వచ్చాక నాకు నిద్రపట్టలేదు. పార్టిషన్‌ని లక్స్ అనే లినక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశాను, బూట్ లైన్‌లో పర్సిస్టెన్స్-ఎన్‌క్రిప్షన్ అని చేర్చి దాని విలువగా లక్స్ అని ఇస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్రతి బూట్‌లో ఒక పాస్‌వర్డ్ ఎక్కువైంది, అయినా ఇది లేకుండా వాడమని ఎవరికీ చెప్పను.

గోప్యత కోసం చేసిన టెయిల్స్ అనే లైవ్ సిస్టమ్ సంగతి చాలామంది అడుగుతారు. అదీ డెబియన్ మీద కట్టిందే. అందులో ఇదే పనిని అడిషనల్ సాఫ్ట్‌వేర్ అనే పేరుతో బటన్ల మీద పెట్టారు. ఏదైనా ప్యాకేజీ వేయగానే ప్రతిసారీ వేయాలా, ఈ ఒక్కసారికేనా అని అడుగుతుంది. ప్రతిసారీ అంటే లిస్టులనీ డెబ్‌లనీ ఎన్‌క్రిప్ట్ చేసిన స్టోరేజ్‌లో దాచి, ప్రతి బూట్‌లో తనే వేస్తుంది, నెట్ రాగానే తనే కొత్తవి చూసుకుంటుంది. నేను ఎనిమిది నెలలు తంటాలు పడి కట్టుకున్నది వాళ్లు ఎప్పుడో కట్టిపెట్టారు. రహస్యంగా ఉండడం ముఖ్యమైన పని అయితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. నా పనికి అది సరిపడలేదు, నెట్ అంతా టార్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ గుండానే వెళ్తుంది కాబట్టి నా హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్లు నెమ్మది.

డెబియన్ లైవ్ పర్సిస్టెన్స్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది రెండు కారణాలకు. నేను వాడిన ఇమేజ్‌లో బూట్ మెనూలో పర్సిస్టెన్స్ అనే ఎంపికే లేదు, ప్రతిసారీ టైప్ చేయాలి. పైగా పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా రాసిన ఐఎస్‌ఓ చదవడానికి మాత్రమే, మెనూని మనం మార్చుకోలేం. రెండోది, తప్పు జరిగితే నోరు విప్పదు. పర్సిస్టెన్స్ అడిగారు, పార్టిషన్ దొరకలేదు అని తెర మీద ఒక్క లైన్ వస్తే ఎంతమంది పని మిగులుతుందో.

మొదలుపెట్టేవాళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లు తీసుకోండి. ఒకదాని మీద ఐఎస్‌ఓ, రెండోదాని మీద పర్సిస్టెన్స్ పార్టిషన్. లేబుల్ చూసి ఎక్కడున్నా అదే వెతుక్కుంటుంది. ఒకే దాని మీద రెండూ పెడితే, కొత్త ఐఎస్‌ఓ రాసిన రోజు పార్టిషన్ టేబుల్ మొత్తం మారిపోయి, పర్సిస్టెన్స్ పార్టిషన్ కనబడకుండా పోతుంది.

2025 ఆగస్ట్ 9న డెబియన్ 13 విడుదలైంది. కొన్ని వారాల తర్వాత నేను మారాను. మొదటి పెన్‌డ్రైవ్ మీద కొత్త ఐఎస్‌ఓ రాశాను, రెండోదాన్ని ముట్టుకోలేదు. బూట్ చేసి స్క్రిప్ట్ నడిపితే ఒక్క ప్యాకేజీ కూడా దొరకలేదంది. లిస్ట్స్ డైరెక్టరీ చూస్తే ఫైల్ పేర్లలో బుక్‌వార్మ్ (డెబియన్ 12 పేరు) అని ఉంది, సిస్టమ్ అడిగేది ట్రిక్సీ (డెబియన్ 13 పేరు). అప్‌డేట్ కొట్టాను. కొత్త లిస్టులు దిగాయి, బుక్‌వార్మ్ ఫైళ్లను ఆప్ట్ తనంతట తనే తీసేసింది. ఇన్‌స్టాల్ నడిపి, ఆటోక్లీన్‌తో పాత డెబ్‌లు కూడా తుడిచాను. నా టెక్స్ట్ ఫైల్‌లో ఒక్క పేరు కూడా మార్చాల్సి రాలేదు. ఆపేసి మళ్లీ బూట్ చేశాను. స్క్రిప్ట్ సెకన్లలో ముగిసింది. సరిచూడ్డానికి అప్‌డేట్ కొడితే అన్నీ హిట్ లైన్లే.